వెయ్యి బీడీల లెక్క

మా సిరికొండ దిక్కు కొన్నేళ్ల కిందటి దాకా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుండేది. "పిల్లకు బీడీలు చేయొస్తదా? కార్డున్నదా?" కార్డంటే రేషన్ కార్డు కాదు, ఆధారూ కాదు. బీడీ కంపెనీ లెక్కలో పిల్ల పేరు ఎక్కిందనడానికి గుర్తు. పేరెక్కితే పీఎఫ్ ఉంటుంది, పీఎఫ్ ఉంటే సంపాయించే పిల్ల. కట్నం బేరంలో ఆ కార్డుకూ ఒక ధర ఉండేది. కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల నుంచి వచ్చిన మిత్రులు ఇది చదివి "ఇందులో ఏమున్నది?" అనుకుంటారు. హాస్టల్లో నా పక్క మంచం గుంటూరు మిత్రుడు మాత్రం ఇది విని చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక, "అంటే మీ ఊళ్లో ఆడవాళ్లందరికీ ఉద్యోగం ఉన్నట్టా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.

మా అమ్మ బీడీలు చేస్తుంది. నేను పుట్టకముందు నుంచీ చేస్తోంది. పొద్దున వంటయ్యాక, తడిపి పెట్టిన తునికాకు మూట విప్పుతుంది. కొలత రేకు ఆకు మీద పెట్టి కత్తెరతో కోస్తుంది. చాట ఒళ్లో పెట్టుకొని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడుతుంది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. మా దగ్గర కూలికి కొలత రోజు కాదు, గంటా కాదు. వెయ్యి.

మెకానికల్ చదువుతున్నాను కదా, ఒక దసరా సెలవుల్లో అమ్మ పక్కన కూర్చొని టైమ్ స్టడీ చేశాను. ఆకు కోయడం, చుట్టడం, కట్టలు కట్టడం అంతా కలిపి వెయ్యికి పది గంటలు పట్టింది. అంటే బీడీకి 36 సెకన్లు. పొయ్యి మీద పప్పు కలిపి వచ్చిన సమయం, వాకిట్లోకి వచ్చిన మేకను తరిమిన సమయం కూడా అందులోనే. ఏ ప్రొడక్షన్ ఇంజినీరు చూసినా ఈ సైకిల్ టైమ్‌కు దండం పెడతాడు. అయితే ఇక్కడ ఫ్యాక్టరీ ఏది? గోడలు మావే, కరెంటు బిల్లు మాదే, చాట, కత్తెర మావే. నడుము నొప్పి, తంబాకు దగ్గు కూడా మావే. కంపెనీ ఇచ్చేది ఆకు, తంబాకు, దారం. ఆకైనా వెయ్యికి సరిపోతుందని తూకం వేసి ఇస్తారు. చిల్లులు పడ్డ ఆకు, పండిపోయిన ఆకు వస్తే ఎనిమిది వందలకే అయిపోతుంది. మిగతా రెండు వందలకు ఆకు మేమే కొనుక్కోవాలి. కూలి రేటు కాగితం మీద ఎంతున్నా, చేతికొచ్చేది ఆ ఆకును బట్టే మారుతుంది.

సాయంత్రం కార్ఖానాకు పోవడం నా చిన్నప్పటి డ్యూటీ. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి, కమీషన్‌దారు ఇంటి ముందు గది అంతే. ఆడవాళ్లు తట్టలు ముందర పెట్టుకొని వరసగా కూర్చుంటారు. గుమాస్తా ఒక్కో కట్ట తీసి, వేళ్లతో నొక్కి, నచ్చని వాటిని పక్కకు పడేస్తాడు. దాన్ని చాట్ అంటారు. లూజుగా ఉంది, చాట్. పొట్టిగా ఉంది, చాట్. కొన్ని రోజులు కారణం కూడా చెప్పేవాడు కాదు. చాట్ చేసిన బీడీలకు డబ్బులు లేవు, వాటిని తిరిగి ఇవ్వడమూ లేదు. అవి ఏమయ్యేవో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఒకసారి మూడు కట్టలు పోతే నేనే ఉండబట్టలేక, "మంచిగనే ఉన్నయి గద" అన్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక, "రేపు ఆకు వానింటి నుంచే తేవాలె బిడ్డా" అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి బీటెక్ థర్డ్ ఇయర్ దాకా ఆగాల్సి వచ్చింది. మనందరం పరీక్షకు ముందు రాత్రి మాత్రమే తెరిచే బెఫా పుస్తకం ఉంది కదా, బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. అందులో మోనోపలీ గురించి పేజీలకు పేజీలు ఉంటుంది. అమ్మేవాడు ఒక్కడే అయితే ధర పెంచుతాడు, అది అందరికీ తెలుసు. దానికి అద్దంలో బొమ్మ లాంటిది ఇంకొకటి ఉంది, మోనాప్సనీ. కొనేవాడు ఒక్కడే. ఈ పదాన్ని 1933లో జోన్ రాబిన్సన్ అనే కేంబ్రిడ్జి ఆర్థికవేత్త వాడుకలోకి తెచ్చింది. శ్రమను కొనేవాడు ఒక్కడే ఉన్నచోట కూలి అసలు ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంటుందని ఆమె వాదన. కేంబ్రిడ్జిలో కూర్చొని రాసింది గానీ మా గల్లీని చూసి రాసినట్టే ఉంటుంది. ఊరికి ఒకరో ఇద్దరో కమీషన్‌దార్లు. కార్డు ఒక కంపెనీలో ఉంటే ఇంకో కంపెనీకి పోలేరు, పీఎఫ్ లెక్క తెగిపోతుంది. పిల్లలు, పొలం, ముసలి అత్త ఉన్న ఆడమనిషి బస్సెక్కి నిజామాబాద్ పోయి పని వెతుక్కోలేదు. రేపు ఆకు వానింటి నుంచే తేవాలె.

పసుపుతో పోల్చి చూడండి. మా జిల్లా పసుపు నిజామాబాద్ యార్డుకు పోతుంది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. ఒక కుప్ప మీద పది మంది వ్యాపారులు ధర వేయొచ్చు. అయినా రైతుకు గిట్టుబాటు కాలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు, మద్దతు ధర కావాలని 178 మంది రైతులు నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది. కొనేవాళ్లు పదిమంది ఉన్నచోటే ఇంత కోపం వస్తే, కొనేవాడు ఒక్కడే ఉన్నచోట ఎంత రావాలి? అయినా ఆడవాళ్ల కోపం నామినేషన్ పత్రాల దాకా రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే నాకు మళ్లీ అమ్మ చెయ్యి గుర్తొస్తుంది.

ఇక చట్టం సంగతి. ఈ మధ్య మా సీనియర్ ఒకన్న లా చదువుతూ ఒక తీర్పు గురించి చెప్పాడు. బీడీ కార్మికుల కోసం 1966లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, బీడీ, సిగార్ కార్మికుల చట్టం. ఇంట్లో కూర్చొని చేసేవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కగట్టింది. యజమానులు కోర్టుకెళ్లారు. 1974లో సుప్రీంకోర్టు మంగళూరు గణేష్ బీడీ కేసులో చట్టం చెల్లుతుందని చెప్పింది. 1977లో పీఎఫ్‌ను బీడీ పరిశ్రమకు వర్తింపజేస్తే మళ్లీ కోర్టుకెళ్లారు. ఇంట్లో ఎప్పుడు కూర్చుంటుందో, ఎప్పుడు లేస్తుందో మాకు తెలియదు, మేము పైన నిలబడి చూడం, మరి ఆమె మా ఉద్యోగి ఎట్లా అవుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. వినడానికి న్యాయంగానే ఉంది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు దానికి జవాబిచ్చింది. పని మీద పెత్తనం ఉండాలంటే పక్కన నిలబడి చూడక్కర్లేదు, తెచ్చిన బీడీని తిరస్కరించే హక్కు నీ చేతిలో ఉంది కదా, ఆ పెత్తనం చాలు అని దాని సారాంశం.

అన్న ఇది చెప్పినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. చాట్ అన్న పేరుతో మా అమ్మ కట్టలు పక్కకు పడేసిన ఆ చెయ్యే ఆమె ఉద్యోగి అనడానికి సాక్ష్యమైంది. మా ఊళ్లో పెళ్లి బేరాల్లో ధర పలికిన ఆ కార్డు వెనక ఉన్నది ఈ తీర్పే. పీఎఫ్ కోత మామూలుగా 12 శాతం, బీడీ పనికి మాత్రం 10 శాతం. అంతే మొత్తం కంపెనీ కూడా కట్టాలి. అట్లాగే 1966 చట్టం 39వ సెక్షన్‌లో ముడిసరుకు తగాదా, చాట్ తగాదా, చాట్ చేసిన బీడీల కూలి తగాదా తేల్చే పద్ధతి కూడా రాసుంది. మా గల్లీలో ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసిన ఆడమనిషిని నేను చూడలేదు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ 1966 చట్టం ఇప్పుడు వాటిలో కలిసిపోయింది.

ఇది పాత కథ అనుకునేవాళ్లకు ఒక మాట. మన క్లాసులోనే సాయంత్రాలు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను యాప్ 'పార్ట్‌నర్' అంటుంది. రేటింగ్ పడిపోతే ఆర్డర్లు రావు. రేటింగ్ అంటే చాటే కదా? 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లను కార్మికులుగా గుర్తించినప్పుడు చూసిన వాటిలో ఈ రేటింగుల పెత్తనం కూడా ఉంది. మన కోర్టు బీడీల తట్ట చూసి 36 ఏళ్ల ముందే ఆ దారిలో నడిచింది. ఈ విషయంలో నాకు కొంచెం గర్వంగానే ఉంది.

కూలి రేటు పెంచమంటే పెంచితే పని పోతుంది అని భయపెడతారు. మా దగ్గర ప్రతిసారీ వినే మాట. ఈ మాటను నిజంగా పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో, మన సీనియర్లు సగం మంది ఉన్న ఆ న్యూజెర్సీలోనే, గంటకు కనీస కూలి 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచారు. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో పెంపుకు ముందు, తర్వాత ఉద్యోగాలు లెక్కపెట్టారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. దాని మీద ఆర్థికవేత్తల మధ్య ఏళ్లతరబడి కొట్లాట నడిచింది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది, అప్పటికి క్రూగర్ లేడు. కొనేవాడికి పెత్తనం ఉన్నచోట కూలి పెంచినా పని పోకపోవచ్చు, ఎందుకంటే అతను అప్పటిదాకా ఇవ్వగలిగింది ఇవ్వలేదు కాబట్టి. కానీ బీడీ బర్గర్ కాదు. కంపెనీ రేటు తగ్గించనక్కర లేదు, రోజులు తగ్గిస్తే చాలు. మా ఇంట్లో నెలకు ఇరవై అయిదు రోజుల పని ఉన్న కాలం నాకు గుర్తుంది. ఇప్పుడు పదిహేను రోజులుంటే మంచి నెల.

రోజులు ఎందుకు తగ్గాయి అంటే మొదట చెప్పే కారణం పన్ను. 2017 జులై 1 నుంచి బీడీ మీద జీఎస్టీ 28 శాతం, తునికాకు మీద 18 శాతం పడింది. పన్ను ఎవరు కట్టాలో చట్టంలో రాసుంటుంది, ఎవరు మోయాలో రాసుండదు. మెకానికల్ వాడికి ఎలాస్టిసిటీ అంటే స్ట్రెస్, స్ట్రెయిన్. బెఫాలో ఎలాస్టిసిటీ అంటే ధర మారితే మనిషి ఎంత జరుగుతాడు అని. ఎలక్ట్రికల్ మిత్రుల భాషలో అయితే ఇంకా తేలిక: సమాంతరంగా కలిపిన మూడు తీగల్లో ఎక్కువ కరెంటు తక్కువ రెసిస్టెన్స్ ఉన్న తీగలోంచి పోతుంది. పన్నూ అంతే. తాగేవాడు ధర పెరిగితే ఒక బీడీ తగ్గిస్తాడు, లేదా బిల్లు లేని బీడీ కొంటాడు. కంపెనీ ఇంకో వ్యాపారం పెట్టుకుంటుంది. చుట్టే ఆడమనిషి ఎక్కడికి పోతుంది? రెసిస్టెన్స్ లేని తీగ ఆమే.

అలాగని పన్ను తీసేయమని అనలేను. మా నాయనమ్మ చివరి రెండేళ్లు దగ్గుతోనే పోయింది, పొద్దంతా తంబాకు పక్కనే కూర్చున్న మనిషి. పొగాకు ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీడీ దానికి ఆమడ దూరంలో ఉంది. బీడీ తాగేవాడూ పేదవాడే, చుట్టేదీ పేదదే, ఒకరి ఊపిరితిత్తుల ఖర్చు మీద ఇంకొకరి పొయ్యి వెలుగుతోంది. "కార్మికుల పొట్ట కొట్టొద్దు" అని కంపెనీలు పన్ను గురించి గొంతెత్తినప్పుడల్లా నాకు ఒక అనుమానం. ఆ ప్రేమ చాట్ దగ్గర ఎందుకు కనిపించదు?

పన్ను గురించి నాకు నిజంగా కడుపు రగిలే సంగతి వేరే ఉంది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి కోసం కేంద్రం ఒక సెస్సు పెట్టింది. చివర్లో అది వెయ్యి బీడీలకు 5 రూపాయలు. ఆ డబ్బు కార్మికుల వైద్యానికి, ఇళ్లకు, పిల్లల చదువుకు. అంటే ఎవరి మీద వ్యాపారం నడుస్తుందో వాళ్లకే తిరిగి చేరే పన్ను. ఇంజినీరింగ్ లాంటి కోర్సు చదివే పిల్లలకు ఆ పథకం కింద ఏడాదికి 25,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యికి 5 రూపాయల చొప్పున 25,000 రూపాయలు రావాలంటే 50 లక్షల బీడీలు చుట్టాలి. నెలకు పదిహేను రోజులు, రోజుకు వెయ్యి అనుకుంటే మా అమ్మకు దాదాపు 28 ఏళ్లు పడుతుంది. నా ఒక్క ఏడాది స్కాలర్‌షిప్‌కు ఒక మనిషి జీవితకాలపు సెస్సు. ఇంత మంది చుట్టిన బీడీలు ఒక్క నిధిలో పడితే తప్ప ఇది కుదరదు. జీఎస్టీ వచ్చినప్పుడు చిన్నాచితకా సెస్సులన్నీ రద్దు చేశారు, అందులో ఇదీ పోయింది. పథకం ఉంది, స్కాలర్‌షిప్ ఫారమూ ఉంది, కానీ ఇప్పుడు ఆ డబ్బు బడ్జెట్లోంచి రావాలి. తమ పేరు మీద ఉన్న నిధిని హక్కుగా అడగడం వేరు, బడ్జెట్లో కేటాయింపు కోసం ఎదురుచూడడం వేరు.

ఇంకో లెక్క కూడా నన్ను వదలడం లేదు. కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయ పన్ను లేదు. ఆరు లక్షల ప్యాకేజీతో నాకు ప్లేస్‌మెంట్ వస్తే నేను ఒక్క రూపాయి ఆదాయ పన్ను కట్టను. అమ్మ కట్టదు, ఆమెకు అంత ఆదాయమే లేదు. కానీ చీర మీద, సబ్బు మీద ఇద్దరం ఒకే రేటు జీఎస్టీ కడతాం. పికెట్టీ, ఆయన తోటి పరిశోధకులు 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉంది. ఆ లెక్కల మీద వాదించేవాళ్లు ఉన్నారు, ఉండనివ్వండి. నాకు మాత్రం ఆ పట్టికలో అమ్మను ఎక్కడ కూర్చోబెట్టాలో వెతకాలనిపిస్తుంది.

కొనేవాడు ఒక్కడే అని తిట్టాను కదా, ఆ ఒక్కడూ పోతే ఏమవుతుందో మా జిల్లాకు బోధన్ చూపించింది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, శక్కర్‌నగర్, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. చెరుకు రైతుకు అక్కడా కొనేది ఒక్కటే ఫ్యాక్టరీ, కానీ ధర ప్రభుత్వం కట్టేది, పనివాళ్లకు క్వార్టర్లు, ఆస్పత్రి, యూనియన్ ఉండేవి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించి గేటు మూశారు. చెరుకు పొలాలు వరి అయ్యాయి. మా మేనమామ అక్కడ సీజన్ పనికి పోయేవాడు, తర్వాత దుబాయి పోయాడు. గేటు మూస్తే కనీసం అది వార్త అవుతుంది, ధర్నా చేయడానికి ఒక గేటు ఉంటుంది. బీడీ పని మూతపడితే ఒక్కో ఇంట్లో ఒక్కో చాట గోడకు ఆనుతుంది, అంతే. మా గల్లీలో ఇప్పటికే చాలా చాటలు ఆనాయి.

2015 నుంచి రాష్ట్రం బీడీ పింఛను ఇస్తోంది. మొదట వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు. పీఎఫ్ ఉన్నవాళ్లకే. మా పెద్దమ్మకు పీఎఫ్ పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి, ఇద్దరూ ఒకరే అని నిరూపించుకోవడానికి ఆమె ఇంకా తిరుగుతోంది. ఆ ఫారాలు నేనే నింపుతున్నాను, బెఫా కంటే కష్టంగా ఉన్నాయి.

2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీ మీద పన్నును 28 నుంచి 18కి, తునికాకు మీద 18 నుంచి 5కి తగ్గించాలని నిర్ణయించింది. ఆ రాత్రి ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. పన్ను పెరిగినప్పుడు రోజులు తగ్గాయి కాబట్టి, తగ్గితే రోజులు పెరగాలి కదా, బెఫా ప్రకారమైతే అంతే. బీడీకి వెంటనే కాదట, తర్వాత అమలు చేస్తారట అని కూడా వివరంగా చెప్పాను. అమ్మ అంతా విన్నది.

"అయితే ఈ వారం ఆకు ఎన్ని దినాలకిస్తరట?" అని అడిగింది.

"అది కౌన్సిల్ చెప్పదమ్మా, కమీషన్‌దారు చెప్పాలె."

"ఆయన సోమారం రమ్మన్నడు" అని, తిన్నవా లేదా అని అడిగి ఫోన్ పెట్టేసింది.